కోనసీమలో ఇంటి కప్పు: ఎండ, గాలి, ఉప్పుల మధ్య సరైన ఎంపిక

కొబ్బరి మొక్క నాటదలచిన రైతు ఏ రకం ఎంచుకోవాలో, ఎంత ఎడం ఇవ్వాలో తెలుసుకొనేందుకు అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానానికి వస్తాడు. అదే రైతు ఇల్లు కట్టుకొనేటప్పుడు కప్పుకు ఏ సామగ్రి వాడాలో ఎవరినీ అడగడు. మేస్త్రీ చెప్పినదో, పొరుగువారు వేసినదో, ఆ ఏడాది చేతిలో ఉన్న సొమ్ముకు అందినదో ఖాయమైపోతుంది. కొబ్బరి మొక్క ఎంపికలో పొరపాటు జరిగితే దిగుబడి తగ్గుతుంది. కప్పు ఎంపికలో పొరపాటు జరిగితే వేసవి మూడు నెలలూ ఇంట్లో ఉండలేని స్థితి ఏర్పడుతుంది. తుపాను రాత్రి ప్రాణాల మీదకు వస్తుంది. డెల్టా గ్రామాల్లో ఇంటి కప్పు కేవలం గృహ నిర్మాణానికి సంబంధించిన విషయం కాదు. కురిడీ కొబ్బరి నిల్వ, పశువుల ఆరోగ్యం, తాగునీరు, తోటలోని చీడలు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. అందువలన విస్తరణ శాస్త్రవేత్తలు, వ్యవసాయ విద్యార్థులు ఈ అంశాన్ని తమ పరిధిలోనిదిగానే చూడవలసి ఉన్నది.

ప్రాంత స్వభావం

తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. ఈ నాలుగు నీటి గీతల మధ్య ఉన్న ఒండ్రునేల కోనసీమ. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేలకు నికరమైన సాగునీటిని అందించింది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఇది ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. వార్షిక వర్షపాతం వెయ్యి మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది. నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. వేసవిలో ఉష్ణోగ్రతకు తోడు గాలిలో తేమ అధికం కావడంతో చెమట ఆరదు. గాలి ఆడని ఇంట్లో ఉక్క భరించరానిదవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యికి పైగా ప్రాణాలను బలిగొన్నది. కొబ్బరి తోటలను నేలమట్టం చేసి, ఇళ్ళ కప్పులను ఎగరగొట్టింది.

ఈ ప్రాంతంలో కప్పు నాలుగు పరీక్షలకు నిలబడాలి. ప్రతిరోజూ కాసే ఎండ మొదటిది. ఏటా కురిసే వాన రెండవది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా తినివేసే ఉప్పుగాలి మూడవది. ఎప్పుడో ఒక రాత్రి వచ్చే పెనుగాలి నాల్గవది. ఈ నాలుగింటిలోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకొనే సామగ్రి ఏదీ లేదు. ఏ ఊరిలో ఏ పరీక్ష కఠినమైనదో గుర్తించడమే ఎంపికలోని అసలు పని.

ఒకనాటి కప్పులు నేర్పే పాఠం

డెల్టాలో పాకలకు తాటాకు, కొబ్బరాకు, రెల్లుగడ్డి, వరిగడ్డి వాడేవారు. నిట్రాడు మీద వెన్నుదూలం, దానిమీద నుంచి తాటి వాసాలు, అడ్డంగా వెదురు దంతెలు, పైన తాటాకు నేత. సామగ్రి అంతా కనుచూపుమేరలో దొరికేది. గడ్డిలోను, ఆకులోను చిక్కుకొన్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. కాంక్రీటు ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 1.6 వాట్లు కాగా ఎండుగడ్డిది అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మందంగా నేసిన తాటాకు ఇంటిలోని చల్లదనానికి ఇదే కారణం.

అయితే ఆ చల్లదనానికి వెల ఉన్నది. తాటాకును రెండు మూడేళ్ళకోసారి, కొబ్బరాకును అంతకంటె ముందే మార్చాలి. మార్చి నుంచి మే వరకు ఒక పొయ్యి నిప్పురవ్వ వరుస ఇళ్ళను కాల్చివేయగలదు. ఆకు దొరకడం, నేసే పనివారు దొరకడం కూడా నేడు కష్టమైనది. నిప్పు భయాన్ని తగ్గించేందుకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, తారు కలిపిన నీటికి కరగని మట్టిపూతను గడ్డికప్పుకు రూపొందించింది. పశువుల పాకలకు, వంట పాకలకు ఈ పద్ధతి నేటికీ పరిశీలించదగినది.

ఆకు తరువాతి మెట్టు పెంకు. మొదట కుమ్మరి చక్రం మీద చేసిన గూనపెంకులు; ఆ తరువాత యంత్రంతో ఒత్తిన మంగళూరు పెంకులు. బాసెల్ మిషన్ 1865లో మంగళూరులో నెలకొల్పిన కర్మాగారంతో మొదలైన ఈ పెంకు దక్షిణ భారతమంతటా వ్యాపించింది. తెలుగునాట దీనికి బెంగుళూరు పెంకు అన్న పేరు స్థిరపడింది. మండువా లోగిళ్ళలో నాలుగు వైపుల వాలు కప్పులు నడుమనున్న మండువాలోకి వాన నీటిని దించేవి. వేడిగాలి పెంకుల సందుల గుండా పైకి పోయేది. మండువా నుంచి వెలుతురు, గాలి గదులకు చేరేవి. కప్పు కింది అటక కొబ్బరికాయల నిల్వకు ఉపయోగపడేది. ఆ ఇంటిలో కప్పు ఆకారం, సామగ్రి, గదుల అమరిక, పంట నిల్వ ఒకే ఆలోచన నుంచి పుట్టినవి. నేడు పెంకు తీసి శ్లాబు వేసినవారు, గదుల అమరికను మార్చకుండా కప్పును మాత్రమే మార్చారు. ఉక్క సమస్య చాలావరకు అక్కడి నుంచి మొదలైనది.

గాలి లెక్క

తుపానులో కప్పు పైనుంచి పడిన ఒత్తిడికి కూలుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి ఎక్కువ కప్పులు పైకి లేచిపోతాయి. ఇంటిమీదుగా వేగంగా వీచే గాలి కప్పు పైభాగాన చూషణాన్ని కలిగిస్తుంది. ఒక కిటికీగాని తలుపుగాని విరిగితే లోపలికి చొరబడిన గాలి కింది నుంచి నెడుతుంది. ఈ రెండు బలాలూ కలిసి కప్పును పెరికివేస్తాయి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం తూర్పుతీరపు అంచుకు నిర్దేశించిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుపై పీడనం న్యూటన్లలో వస్తుంది. ఆ లెక్కన 1,500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువుకు సమానమైన బలం. పొరుగు ఇళ్ళు, తోటలు అడ్డుగా ఉన్నచోట ఇది కొంత తగ్గుతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒంటరి ఇంటికి తగ్గదు.

చదునైన కప్పు మీద చూషణం ఈ పీడనానికి 0.8 రెట్లు, తెరుచుకొన్న ఇంటిలో కింది నెట్టుడు 0.5 రెట్లు అనుకొంటే మొత్తం చదరపు మీటరుకు సుమారు 195 కిలోలు. ఇప్పుడు కప్పుల బరువులు పోల్చి చూడవచ్చును. 10 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు శ్లాబు చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు. తన బరువుతోనే నిలుస్తుంది. మంగళూరు పెంకు ఒక్కొక్కటి రెండు నుంచి మూడు కిలోలు, చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. వాసాలు, బద్దెలు కలిపినా 60 కిలోలకు అటూ ఇటుగా ఉంటుంది. అర మిల్లీమీటరు మందపు ఇనుప రేకు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలు మాత్రమే. కాబట్టి పెంకు, రేకు, తాటాకు కప్పులను నిలబెట్టేది వాటి బరువు కాదు; కట్టు. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు గల ఒక రేకును గాలి దాదాపు 600 కిలోల బలంతో లాగుతుంది. ఎనిమిది కొక్కేలతో బిగిస్తే ఒక్కొక్క కొక్కెం మీద 75 కిలోల భారం పడుతుంది. నాలుగు కొక్కేలతో సరిపెడితే అది రెట్టింపవుతుంది. చూరు అంచుల వద్ద, మూలల వద్ద చూషణం ఇంకా ఎక్కువ గనుక అక్కడ కొక్కేలు దగ్గర దగ్గరగా ఉండాలి.

వాలు కోణం కూడా నిర్ణాయకమే. అదే ప్రమాణం ప్రకారం, ఎత్తు తక్కువగా ఉన్న రెండు వాలుల ఇంటిలో గాలికి ఎదురుగా ఉన్న వాలుపై చూషణం 10 డిగ్రీల కోణం వద్ద పీడనానికి 1.2 రెట్లు, 20 డిగ్రీల వద్ద 0.4 రెట్లు, 30 డిగ్రీల వద్ద దాదాపు శూన్యం. కర్ర ఆదా అవుతుందని కప్పును బల్లపరుపుగా వేసిన రేకుల షెడ్డు మొదటి గాలికే లేచిపోవడానికి కారణం ఇదే. పాతకాలపు తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు నిటారైన వాలుతో ఉండడం వాన జారిపోవడానికి మాత్రమే అనుకొనడం సరికాదు. ఆ వాలు గాలిని కూడా మళ్ళించింది. రెండు వాలుల కప్పు కన్న నాలుగు వాలుల కప్పు పెనుగాలికి మెరుగు. దానికి గాలి తాకే త్రికోణపు గోడ ఉండదు.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉన్నది. గోడ తడవకుండా, ఎండ పడకుండా చూరు పొడవుగా ఉండాలి. గాలికి పట్టు దొరకకుండా చూరు ఒకటిన్నర అడుగుకు మించకుండా ఉండాలి. దీనికి పరిష్కారం వసారా కప్పును ప్రధాన కప్పుకు కొనసాగింపుగా కాక, విడిగా, కొంచెం కిందుగా కట్టడం. పెనుగాలికి వసారా కప్పు పోయినా ఇంటి కప్పు నిలుస్తుంది. నీడ అవసరమూ తీరుతుంది.

ఎండ లెక్క

గాలి పరీక్షలో నెగ్గిన శ్లాబు ఎండ పరీక్షలో వెనుకబడుతుంది. మధ్యాహ్నమంతా పీల్చుకొన్న వేడిని అది కొన్ని గంటల ఆలస్యంతో లోపలికి వదులుతుంది. పొలం నుంచి వచ్చి విశ్రమించే సాయంకాలానికి, పిల్లలు నిద్రించే రాత్రి తొలిజాముకు ఇల్లు వేడెక్కి ఉంటుంది. 2006లో ప్రారంభమైన ఇందిరమ్మ పథకం, దాని తరువాతి గృహ పథకాలు అనేక పేద కుటుంబాలను పాకల నుంచి శ్లాబు ఇళ్ళలోకి చేర్చాయి. నిప్పు భయం, గాలి భయం తగ్గాయి. ఇది గొప్ప మేలు. కాని ఒకటి రెండు గదుల చిన్న ఇంటిలో, ఎదురెదురు కిటికీలు లేనిచోట, వేసవి వేడి కొత్త బాధగా పరిణమించింది. దీనిని ఎక్కువగా భరించేది పగలంతా ఇంట్లో ఉండే వృద్ధులు, బాలింతలు, పసిపిల్లలు.

ఇందుకు ఖరీదైన ఉపాయం అవసరం లేదు. తెల్లని ఉపరితలం ఎండలో అధిక భాగాన్ని తిప్పికొడుతుంది. ఏటా ఫిబ్రవరి నెలాఖరున శ్లాబును శుభ్రపరచి రెండు పూతలు సున్నం వేయడం అన్నిటికన్న చౌకైన పద్ధతి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించడం ఈ అంశానికి పెరుగుతున్న ప్రాధాన్యాన్ని సూచిస్తుంది. కోనసీమలో మాత్రం ఒక స్థానిక ఇబ్బందిని గమనించాలి. కొబ్బరి నీడలో, తేమలో తెల్లపూత మీద పాచి త్వరగా పడుతుంది. పైగా కొబ్బరిని ఆశించే సర్పిలాకార తెల్లదోమ విసర్జించే తేనెవంటి జిగురు చెట్టు కింద ఉన్న ప్రతిదాని మీద పడి, దానిపై నల్లని మసిబూజు పెరుగుతుంది. నల్లబడిన కప్పు తెల్లపూత ప్రయోజనాన్ని కోల్పోతుంది. అందువలన తోటలోని ఇళ్ళకు ఏటా పూత తప్పనిసరి. తెల్లదోమ యాజమాన్యం ఇంటి చల్లదనానికీ తోడ్పడుతుంది.

కొత్తగా శ్లాబు వేసేవారు లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన పూరక శ్లాబును పరిశీలించవచ్చును. శ్లాబు కింది భాగంలో, బలానికి అంతగా అవసరం లేని చోట, పాత మంగళూరు పెంకులను ఊచల మధ్య అమర్చి కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు ఆదా అవుతుంది, శ్లాబు బరువు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని కొంత అడ్డుకొంటుంది. పెంకుటింటిని విప్పి శ్లాబు వేసే కుటుంబానికి పాత పెంకులు అక్కడికక్కడే పనికివస్తాయి. అయితే బరువు తగ్గినందున గోడకు, శ్లాబుకు మధ్య కట్టును ఇంజనీరు చేత సరిచూపించాలి. ఈ పద్ధతి అమలాపురం, కొత్తపేట వంటి లోపలి ప్రాంతాలకు అనువైనది.

ఉప్పు లెక్క

సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు కంటికి కనిపించదు. పదేళ్ళ తరువాత శ్లాబు పెచ్చులూడినప్పుడు కనిపిస్తుంది. ఉప్పు, తేమ కాంక్రీటు సందుల గుండా ఊచలను చేరితే ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన ఊచ చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. పైకి దృఢంగా కనిపించే కప్పు లోలోపల బలం కోల్పోతుంది.

ఐఎస్ 456 ప్రమాణం తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటును తీవ్ర శ్రేణిలో చేర్చింది. దానికి కనీసం ఎం30 తరగతి కాంక్రీటు, 45 మిల్లీమీటర్ల కవరు, 0.45కు మించని నీరు–సిమెంటు నిష్పత్తి కావాలి. ఉప్పుగాలి నేరుగా తగలని చోట ఎం25, 30 మిల్లీమీటర్లు, 0.50 చాలును. ఊచల కింద చిన్న రాతిముక్కలు పెట్టి, నీళ్ళు ఎక్కువ కలిపి జారుడుగా పోసే శ్లాబు ఈ ప్రమాణాలకు చాలా దూరంలో ఉంటుంది. సిమెంటు ముక్కలతో చేసిన కవరు బ్లాకులకు అయ్యే ఖర్చు స్వల్పం. అవి ఇచ్చే ఆయుష్షు దీర్ఘం.

రెండవ జాగ్రత్త నీరు. ఊచలు గల కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదని అదే ప్రమాణం చెబుతున్నది. తీరగ్రామాల బోర్లలో ఉప్పునీరు సాధారణం. శ్లాబు కలపడానికి, తడపడానికి కాలువ నీటిని లేదా మంచి చెరువు నీటిని వాడాలి. సాగునీటి నమూనాను పరీక్షకు పంపే అలవాటున్న రైతు, ఇల్లు కట్టే ముందు అదే నీటిలో క్లోరైడును కూడా చూపించుకోవచ్చును. సముద్రపు ఇసుకను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు.

ఇనుప రేకులకు జింకు పూతే కవచం. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాములు, 275 గ్రాములు వంటి తరగతులున్నాయి. రేకు మందం, ధర మాత్రమే అడిగి కొనేవారు పూత తరగతిని అడగరు. తీరానికి దగ్గరగా 275 గ్రాములకు తగ్గరాదు. కొక్కేలు, బోల్టులు కూడా జింకు పూతవే కావాలి. రేకు కన్న ముందు తుప్పుపట్టేది కొక్కెమే, కప్పు లేచేది అక్కడి నుంచే. కాల్చిన మట్టి పెంకుకు తుప్పు లేదు. ఉప్పుగాలి పరీక్షలో అది అందరికన్న ముందున్నది; దాని బలహీనత కింది కర్రలోను, చెదలోను ఉన్నది.

సిమెంటు రేకుల విషయంలో ఆరోగ్య కోణాన్ని దాచిపెట్టరాదు. వీటిలో సాధారణంగా ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ మానవులలో క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది; అనేక దేశాలు దానిని నిషేధించాయి. కోసినప్పుడు, రంధ్రాలు చేసినప్పుడు, పగిలినప్పుడు వెలువడే ధూళి ప్రమాదకరం. ఇప్పటికే ఉన్న రేకులను పగలగొట్టకుండా, తడిపి, జాగ్రత్తగా విప్పాలి. కొత్త ఇంటికి వీటిని సూచించకపోవడమే మంచిది.

చెట్టు, తోట, కప్పు

కోనసీమలో ఇల్లు తోటలో ఉంటుంది. 15 మీటర్ల ఎత్తు నుంచి రాలే కొబ్బరికాయ నేలను చేరేసరికి గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగం అందుకొంటుంది. పెంకును, సిమెంటు రేకును పగలగొట్టడానికి ఇది చాలు. కొబ్బరి ఆకు పొడవు ఐదు మీటర్ల వరకు ఉంటుంది. కాబట్టి గోడకు ఐదారు మీటర్ల లోపున్న చెట్టు తన కాయలను, మట్టలను కప్పు మీదనే వేస్తుంది. పెంకుటిల్లు కావాలనుకొనేవారు ఈ ఎడం పాటించాలి. ఉన్న చెట్లను కాపాడుకోదలిస్తే అక్టోబరుకు ముందు ముదురు గెలలు, ఎండు మట్టలు దింపించాలి.

కప్పు నుంచి తోటకు చేరే సమస్య మరొకటి ఉన్నది. పూర్తిగా ఎదిగిన కొబ్బరి చెట్టు ఏటా సుమారు పన్నెండు మట్టలు వేస్తుంది. పాకకు వాడి, చివికిన తరువాత తీసివేసిన ఆకును పెరటిలో కుప్పగా వదిలితే కొమ్ము పురుగు అందులో గుడ్లు పెట్టి వృద్ధి చెందుతుంది. పెద్ద పురుగు కొబ్బరి మొవ్వును తొలుస్తుంది. పాత ఆకును వెంటనే వర్మికంపోస్టుగా మార్చాలి, లేదా కుప్పపై మెటారైజియం అనిసోప్లియే శిలీంధ్రాన్ని చల్లాలి. మట్టలలోని పొటాష్ తిరిగి తోటకే చేరడం దీనివలన కలిగే అదనపు లాభం.

కురిడీ కొబ్బరి తయారుచేసే కుటుంబాలకు కప్పు ఒక పనిముట్టు వంటిది. ముదురు కాయలను అటక మీద నెలల తరబడి, ఏడాదికి దగ్గరగా, నిల్వ ఉంచితే లోపలి నీరు ఇంకి కొబ్బరి గుండుగా విడివడుతుంది. దీనికి వాన తగలని, గాలి ఆడే, ఒకేరీతి వెచ్చదనం గల చోటు కావాలి. పెంకు కప్పు కింది అటక ఈ మూడింటినీ సహజంగా ఇస్తుంది. ఇంటికి శ్లాబు వేసుకొన్నవారు కురిడీ కోసం విడిగా పెంకు కప్పు కొట్టాన్ని నిలుపుకోవడం లాభదాయకం. పశువుల పాకకు రేకు వేసినవారు వేసవిలో దానిపై కొబ్బరాకు పరిస్తే పశువులపై వేడి ఒత్తిడి తగ్గుతుంది. తుపాను కాలానికి ముందు ఆ ఆకును తీసివేయాలి.

వాననీరు, వరద

వంద చదరపు మీటర్ల కప్పు మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన లక్ష లీటర్లు. అందులో ఐదింట నాలుగు వంతులు పట్టుకొన్నా 80,000 లీటర్లు. భూగర్భజలం ఉప్పగా మారిన తీరగ్రామంలో ఇది చిన్న సంపద కాదు. శ్లాబు, పెంకు, జింకు రేకు కప్పులు దీనికి అనువైనవి. తొలి వానను వదిలివేసి, వడపోసి తొట్టికి మళ్ళించాలి. ఆకు కప్పు నీరు రంగు పట్టి ఉంటుంది గనుక మొక్కలకే పనికివస్తుంది.

లంక గ్రామాల అవసరం భిన్నమైనది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటి వరదల్లో ఊడిమూడిలంక, బూరుగులంక వంటి చోట్ల ఇంటి కప్పు ఎండావానల నుంచి కాచేది మాత్రమే కాదు. పడవ వచ్చేదాకా కుటుంబం, విత్తనం, పత్రాలు నిలిచే మెట్ట. అక్కడ మెట్లు, పిట్టగోడ గల చదును శ్లాబుకు ప్రత్యామ్నాయం లేదు. మెట్లు ఇంటి బయటి నుంచి ఉండాలి. నీరు నిండిన గదిలోని మెట్లు ఉపయోగపడవు.

ఎక్కడ ఏది

సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల తీర గ్రామాల్లో గాలి, ఉప్పు పరీక్షలు కఠినమైనవి. ఇక్కడ మంచి కవరుతో, మంచినీటితో పోసిన శ్లాబు ప్రథమ ఎంపిక. మొత్తం ఇంటికి స్తోమత లేకపోతే కనీసం ఒక గదికైనా శ్లాబు వేసి, తక్కిన భాగానికి 30 డిగ్రీల వాలుతో, దగ్గరగా కొక్కేలు బిగించిన రేకు వేయవచ్చును. ఆ ఒక్క గది తుపాను రాత్రి కుటుంబానికి ఆశ్రయం. అయితే ఉప్పెన హెచ్చరిక వచ్చినప్పుడు ఎంత గట్టి కప్పు ఉన్నా తుపాను ఆశ్రయ భవనానికి తరలవలసిందే. కప్పు గాలిని ఆపగలదు, సముద్రాన్ని ఆపలేదు.

అమలాపురం, అంబాజీపేట, రాజోలు, కొత్తపేట పరిసరాల లోపలి గ్రామాల్లో తోటలు గాలిని కొంత అడ్డుకొంటాయి. ఇక్కడ ఎండ, ఉక్క ప్రధానం. చెట్లకు ఎడం ఉన్నచోట మంగళూరు పెంకు నేటికీ యోగ్యమైనదే. వాసాలను గోడలోని కాంక్రీటు పట్టీకి ఇనుప పట్టెలతో బిగించాలి. చూరు వరుస, కొప్పు వరుస పెంకులను తీగతో కట్టాలి లేదా గచ్చుతో అతకాలి. శ్లాబు వేసేవారు తెల్లపూతను, ఎదురెదురు కిటికీలను మరువరాదు. లంకల్లో మెట్లు గల శ్లాబు. పశువులకు, వంటకు, నిల్వకు వేసే కొట్టాలకు స్థానిక ఆకు, పెంకు, రేకు అవసరాన్ని బట్టి.

ఖర్చును పోల్చేటప్పుడు మొదటి రోజు ధరను కాక ఏడాదికి పడే ఖర్చును చూడాలి. మొదటి పెట్టుబడిని కప్పు ఆయుష్షుతో భాగించి, ఏటేటా మరమ్మతుకు, పూతకు, ఆకు మార్పుకు అయ్యేది కలపాలి. తాటాకు చౌక అన్న అభిప్రాయం, నాసిరకం శ్లాబు శాశ్వతం అన్న అభిప్రాయం రెండూ ఈ లెక్క ముందు నిలవవు.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

తోటల సందర్శనలో చెట్టును చూసే కన్ను ఇంటి కప్పును కూడా చూడవచ్చును. సముద్రం ఎంత దూరం, బోరు నీటిలో ఉప్పు ఎంత, గోడకు కొబ్బరి చెట్టు ఎన్ని మీటర్లు, కప్పు వాలు ఎంత, కొక్కేలు తుప్పు పట్టాయా, పాత ఆకు కుప్ప ఎక్కడ ఉన్నది అనే ఆరు ప్రశ్నలకు పది నిమిషాలు చాలును. సెప్టెంబరు నెలలో తుపాను ముందస్తు సలహాలు ఇచ్చేటప్పుడు గెలలు దింపమని చెప్పినట్లే కొక్కేలు బిగించమని, వదులైన పెంకులు కట్టమని చెప్పాలి. విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ కాలంలో ఒక్కొక్క గ్రామంలో కప్పుల రకాలను, వాటి వయస్సును, లోపలి ఉష్ణోగ్రతను ఉదయం, మధ్యాహ్నం, రాత్రి నమోదు చేస్తే స్థానిక సిఫార్సులకు అవసరమైన ఆధారం ఏర్పడుతుంది. ఒక సాధారణ ఉష్ణమాపకం, ఒక నోటు పుస్తకం తప్ప దీనికి మరేమీ అవసరం లేదు.

డెల్టా కుటుంబానికి పంట బీమా ఉండవచ్చును, పశు బీమా ఉండవచ్చును. తుపాను మరునాటి ఉదయం ఆ కుటుంబం తిరిగి పొలంలోకి దిగగలదా లేదా అన్నది మాత్రం, ముందటి రాత్రి తలమీద కప్పు నిలిచిందా అన్నదాని మీదనే ఆధారపడి ఉంటుంది. కప్పు నిలిస్తే విత్తనం తడవదు, పశువు మిగులుతుంది, పిల్లలు బడికి పోతారు. ఆ ఉదయానికి కావలసిన నిర్ణయం ఎండాకాలంలో, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, ఇల్లు కట్టే ముందు తీసుకోవలసినది.